గిడ్డమ్మ బొట్టుకు ఎరుపు

ఎరుపు కలపడమంత విసుగు పని నా చేతుల మీదుగా ఇంకోటి పోలేదు. నలుపుదేముంది, దీపం మసి తీసి జిగురులో నూరితే నలుపే. ఎరుపు అలా కాదు. పొట్లంలో ఒక రంగు, జిగురులో ఒక రంగు, ఎండ తగిలాక ఒక రంగు, నీళ్ళలో ముంచాక ఇంకో రంగు. ముప్పై ఏళ్ళు ఫోటోలు తీసినవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా నా ముందు ఎరుపు మాటెత్తితే నడుము లాగుతుంది. నవ్వకండి. ఎందుకో చెబుతాను, ఓపిక ఉన్నంత వరకు.

నంద్యాలలో సాలెవీధి చివర మాది మట్టిమిద్దె. కింద రెండు గదులు, ఒక వంటిల్లు. పైన ఎండ. ఆ ఎండే నా కార్ఖానా. వెండి పూసిన ఫోటో కాగితం మద్రాసు నుంచి రావాలి, వచ్చేసరికి వేడికి సగం పాడయ్యేది. అందుకని బళ్ళారిలో ఒక దొర దగ్గర నేర్చుకున్న జిగురు పద్ధతి పట్టుకున్నాను. తుమ్మజిగురు, రంగుపొడి, బైక్రోమేటు అనే నారింజరంగు ఉప్పు. ఈ మూడూ కలిపి చీకటి గదిలో కాగితానికి పూయాలి. ఆరాక ఫోటో తీసిన గాజుపలక దాని మీద పెట్టి ఎండలో ఉంచాలి. ఎండ సోకిన చోట జిగురు గట్టిపడి రంగును పట్టుకుంటుంది. సోకని చోట నీళ్ళలో కరిగిపోతుంది. అంతే విద్య. మిగతాదంతా నీళ్ళు మోయడం.

నీళ్ళు ఈరక్క తెచ్చేది. ముసలామె, బావి నుంచి బిందెకింత అని పోసిపోయేది. లోతైన రేకు పళ్ళెం, మేము తట్ట అంటాం, అందులో ఫోటోలు కడిగే పని నా భార్య రత్నమణిది. ఆమె చెయ్యి తేలిక. నేను కడిగితే సగం బొమ్మ పోయేది.

అది పంతొమ్మిది వందల ఇరవై ఏడు వేసవి. మా వీధిలోనే మగ్గం నేసుకునే గురప్ప భార్య గిడ్డమ్మ మూడు రోజుల జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఆ కాలంలో బతికుండగా ఫోటో తీయించుకునే ధ్యాస ఎవరికి? మనిషి పోయాకే నన్ను పిలిచేవాళ్ళు. గిడ్డమ్మను కూడా అలాగే వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, మెడ వాలకుండా వెనక చెక్క ఆనించి తీశాను. భర్త ఉండగా పోయింది కాబట్టి పెండ్లికూతురిలా ముస్తాబు చేశారు. ఎర్రంచు చీర, నుదుట పెద్ద కుంకుమబొట్టు. కళ్ళు మూసే ఉన్నాయి. తర్వాత ఫోటోలో కళ్ళు తెరిచిందని చెబుతాననుకుంటున్నారేమో. లేదు, ఎప్పుడూ తెరవలేదు.

ఫోటో చేసి ఇస్తే గురప్ప చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేందప్పా? బొట్టు నల్లగా ఉండాది."

"గాజుపలకకు ఎరుపు కనపడదు గురప్పా. ఏ ఫోటోలోనైనా ఎరుపు నల్లగానే వస్తాది."

"ముత్తైదువగా పోయిందప్పా. నల్లబొట్టుతో గోడకు ఎట్ల తగిలించేది? నాకు ఎర్రగా కావల్ల."

అవుతుందన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

ముందు మసితో ఆరు కాగితాలు వేశాను. బొట్టు ఉన్న చోటా, చీర అంచు ఉన్న చోటా నలుపు తడిగా ఉండగానే మెత్తటి కుంచెతో తుడిచేశాను. ఇక ఆ రెండు చోట్లే ఎర్ర జిగురు పూసి, అదే పలక కింద మళ్ళీ ఎండకు పెడితే చాలు. మొదట బేతంచెర్ల జేగురు తీసుకున్నాను. గోడలకు పూసే మన్ను. మొండి రంగు, ఎండకూ వానకూ లొంగదు. ఇటుక ఛాయ కొడుతుంది గానీ నిలుస్తుంది.

మధ్యాహ్నం పన్నెండుకి మిద్దె మీద ఎండ చూపించి కిందికి తెచ్చి రత్నమణికి ఇచ్చాను. ఆమె తట్టలో ముంచి, కాగితాన్ని అటూ ఇటూ మెల్లగా ఊపింది. కరగాల్సిన రంగు పొగలా నీళ్ళలోకి దిగింది. చీర అంచు చక్కగా నిలిచింది. బొట్టు నిలవలేదు. నుదురు బోసిగా, తెల్లగా తేలింది.

"రుద్దినావా?" అన్నాను.

"నేనెందుకు రుద్దుతా? నీ కండ్ల ముందరే కదా ఊపినా," అంది రత్నమణి. ఆమెకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది.

సాయంత్రం గురప్ప వచ్చాడు. ఇంకో రోజు ఆగమన్నాను. సరేనని అరుగు మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"పొద్దున్నించి ఎడమకాలు తిమ్మిరి పట్టిందప్పా. మగ్గం గుంతలో తొక్కుడుచెక్క మీద ఆనడంల్యా," అన్నాడు.

రెండోసారి సింధూరం వేశాను. అది బరువైన రంగు, జిగురులో అడుక్కు దిగుతుంది. ఓపిగ్గా కలుపుతూనే పూశాను. అంచు నిలిచింది. బొట్టు పోయింది. ఈసారి నేను పక్కనే కూర్చుని చూశాను. రత్నమణి చేతులు తట్ట అంచు మీద ఉన్నాయి. కాగితం నీళ్ళ అడుగున కదలకుండా ఉంది. బొట్టు కరగలేదు. కరిగితే చుట్టూ గుండ్రంగా వ్యాపిస్తుంది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఇది ఒక పక్కకు పోయింది. ఎడమ నుంచి కుడికి, నుదురంతా ఒక్క ఎర్రటి చార. ఆడవాళ్ళు చెమట పట్టినప్పుడు మణికట్టుతో నుదురు తుడుచుకుంటారే, అలాగ. తర్వాత ఆ చార కూడా పోయింది.

ఇంకో వింత చెప్పాలి. ఎర్రబొట్టు గాజుపలక మీద తేటగా, అద్దంలా ఉంటుంది. అంటే ఎండ అన్నిటికంటే ఎక్కువ దిగేది అక్కడే. జిగురు అన్నిటికంటే గట్టిగా పట్టాల్సిందీ అక్కడే. కాగితమంతా కొట్టుకుపోయినా ఆ చుక్క మిగలాలి. నేను చేసిన వందల ఫోటోల్లో అలాగే మిగిలింది.

అప్పుడే బిందె దించిన ఈరక్క తట్టలోకి తొంగి చూసింది.

"ఎవురిది నాయనా? గిడ్డమ్మే కదా? బొట్టేది?"

"నిలవడంల్యా ఈరక్కా. రంగు మంచిది కాదు."

ఈరక్క చెంగుతో మొహం తుడుచుకుంది. గొంతు తగ్గించింది.

"ఆడదాని బొట్టు ఎప్పుడు పోతాదో నీకు తెలీదా?"

"ఆమె పోయింది కదా."

"ఆమె పోయింది. ఆయప్ప ఉండాడు కదా ఇంకా..."

ఛీ, నోరు మూసుకో అన్నాను. ముసలామె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గురప్ప కర్ర పట్టుకుని వచ్చాడు. రెండు కాళ్ళూ తిమ్మిరే. అరుగు దాకా రావడానికి దారిలో మూడుచోట్ల కూర్చున్నాడట.

ఆ రాత్రి నేను పడుకోలేదు. భయపడ్డానని కాదు, నాకు ఒళ్ళు మండిపోయింది. రంగుల పని చేసేవాణ్ణి నేను. రంగు ఎందుకు నిలవదు? తెల్లారగానే నాటుమందుల ఆచారి దుకాణం నుంచి ఇంగిలీకం తెచ్చాను. మందుల్లో వేసేది. అంతకంటే ఎర్రటి ఎరుపు భూమ్మీద లేదు. గంటసేపు బండ మీద నూరాను. పోయింది. గురప్పకు ఆ రోజు నుంచి చేతులు కూడా సరిగా లేవలేదు. మరుసటి రోజు అతనే ఒక పాత డబ్బా పంపించాడు. గిడ్డమ్మ పెండ్లిచీర అంచుకు నూలు అద్దిన పరదేశపు రంగు అది, అడుగున కాస్త మిగిలింది. ఆమె ఒంటి మీది ఎరుపే కదా, దీన్ని కాదనదులే అనుకున్నాను. చూశారా, అప్పటికే నేను ఆమె ఇష్టాయిష్టాల గురించి ఆలోచిస్తున్నాను. అదీ పోయింది. అంచు మాత్రం నిగనిగలాడుతూ నిలిచింది.

నాలుగు కాగితాలు దారానికి తగిలించాను. నాలుగు ఛాయల ఎర్రంచు. నాలుగు బోడి నుదుళ్ళు. రత్నమణి ఆ గదిలోకి రానంది.

"ఈ పని మానుకో అయ్యా. నాకు ఆ నీళ్ళలో చెయ్యి పెట్టాలంటే జలదరిస్తాంది."

"మానుకుంటే ఆ మనిషి చస్తాడే."

అనేశాక నాకే తెలిసింది, నేను నమ్ముతున్నానని.  రత్నమణి కండ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

ఐదో రోజు మధ్యాహ్నం. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. ఎండ దెబ్బకు కుక్కలు కూడా కాలవలోకి పోయి పడుకున్నాయి. వేడికి జిగురు పులిసి, గదంతా పుల్లటి వాసన. గురప్పను ఇద్దరు మనుషులు మంచం మీద మోసుకొచ్చి మా అరుగు మీద దించారు. సాయంత్రం వస్తామని వాళ్ళు వెళ్ళిపోయారు. అతని పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. ఎగశ్వాస వస్తోంది.

"గాబ్రియేలప్పా..."

వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టాను.

"జ్వరంలో అడిగింది నన్ను. ఒక్కదాన్నే పోవాలంటే భయమైతాంది, నాతో వస్తావా అని. వస్తానన్నా." ఊపిరి తీసుకున్నాడు. "ఊరికే... ఆమె మనసు నిమ్మళం కోసరం అన్నా. నాకు బతకాలని ఉండాదప్పా. చెప్పుకోవాలంటే సిగ్గైతాంది. శానా బతకాలని ఉండాది."

నాకు ఏడుపొచ్చింది. అతని మీద జాలో, నా మీద నాకే జాలో. అతను మొలలోంచి ఒక చిన్న కొయ్యబరిణె తీశాడు.

"ఆమె కుంకుమ. దీంతో చెయ్. ఇదైతే నిలుస్తాదేమో."

నిలవదని నాకు తెలుసు. కుంకుమ అంటే పసుపే. సున్నం, వెలిగారం కలిపితే ఎర్రబడుతుంది. మా నారింజ ఉప్పు తగిలితే మళ్ళీ పసుపైపోతుంది. అయినా చేశాను. ఆ మనిషి మొహం చూసి కాదని ఎలా అంటాను? జిగురులో వేసి కలపగానే ఎరుపంతా విరిగి, గిన్నెలో పసుపు ముద్ద మిగిలింది. దాన్నే పూసి ఎండలో పెట్టి, నీళ్ళలో వేశాను. నుదుటి మీద క్షణంసేపు పసుపు మచ్చ. తర్వాత ఆ ఎడమ నుంచి కుడికి చార. తర్వాత ఏమీ లేదు.

తట్టలో నీళ్ళు ఇంకా కదులుతున్నాయి. నా చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

ఒక్క కాగితం మిగిలింది. దానికి అంచు మటుకు వేశాను, జేగురుతోనే. నుదురు తెల్లగా వదిలేశాను. పొద్దు వాలుతోంది. రత్నమణి బుధవారం ప్రార్థనకని చర్చికి వెళ్ళింది. ఇంట్లో నేను, అరుగు మీద గురప్ప. ఫోటో ఆరబెట్టాను. బయట ఎగశ్వాస వినిపిస్తోంది. ఒకటి... చాలాసేపటికి ఇంకోటి...

ఎండతో పని లేకుండా, ఉప్పుతో పని లేకుండా, ఆరిన ఫోటో మీద ఉత్త కుంకుమ పెడితే? ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదో. కుంచె కోసం చూశాను. జిగురు ఎండి కర్రలా బిగుసుకుపోయి ఉంది. దాన్ని నానబెట్టాలి. బయట ఊపిరి వినపడలేదు.

"గురప్పా!"

పలకలేదు.

వేలు జిగురులో ముంచాను. ఉంగరం వేలు. బరిణెలో అద్దాను. ఆమె నుదుటి మీద పెట్టాను.

ఆ వేలే ఎందుకు ముంచానని అడక్కండి. బొట్టు పెట్టాలంటే ఆ వేలే వస్తుంది, అందరికీ. మా పెండ్లిలో బొట్టు లేదు, ప్రమాణమే. రత్నమణి నుదుట నేనెన్నడూ ఏమీ పెట్టలేదు. కానీ మా వీధి పెండ్లిళ్ళు ఎన్ని చూడలేదు? మగవాడు ఆడదాని నుదుట బొట్టు పెడితే దాని అర్థమేమిటో తెలీదని అబద్ధం చెప్పను. ఆ క్షణంలో తట్టలేదు. అలసిపోయి ఉన్నాను. ఐదు రోజులు నిద్ర లేదు. అంతే.

బొట్టు నిలిచింది.

నీళ్ళు చల్లి చూశాను. నిలిచింది. తట్టలో ముంచాను. కదల్లేదు. వేలితో రుద్దాను కూడా. ఒక్క రేణువు రాలేదు. కాగితం చల్లగా ఉండాలి కదా నీళ్ళలో? ఆ బొట్టు ఉన్న చోట మాత్రం వెచ్చగా ఉంది.

బయట మంచం కిర్రుమంది.

పరిగెత్తాను. గురప్ప లేచి కూర్చుని ఉన్నాడు. మొహంలో రక్తం తిరిగింది. కాళ్ళు కిందికి పెట్టి, ఆవలించి, నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా, నేనేంది ఈడ పండుకున్నా?"

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. సంతోషమో, నీరసమో. లోపలికి పోయి ఫోటో తెచ్చి అతని చేతిలో పెట్టాను. "చూడప్పా, ఎర్రగా నిలిచింది. తీసుకుపో." 

ఫోటోను వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"బాగుండాది. ఎవరప్పా ఈమె?"

"పరాచికాలొద్దు గురప్పా."

"తెలీకనే అడుగుతాండా."

"నీ పెండ్లాం. గిడ్డమ్మ."

గురప్ప నన్ను వింతగా చూశాడు. తర్వాత జాలిగా చూశాడు. "ఎండదెబ్బ తగిలింది నీకు. నాకు పెండ్లి యాడైంది? పోయి మజ్జిగ తాగు." ఫోటో నా చేతిలో పెట్టేశాడు. మంచాన్ని తనే భుజాన వేసుకుని, ఇనుపకడ్డీల్లాంటి కాళ్ళతో వీధిలో నడిచిపోయాడు. మూడిళ్ళ అవతల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం కూడా వినిపించింది.

చేతిలో ఫోటోతో అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. ఒక మనిషి బతికాడు. సంతోషించాలి. సంతోషం కోసం నాలో వెతుక్కున్నాను. దొరకలేదు. ఎంతసేపో తెలీదు. వీధిలో దీపాలు పెట్టారు.

రత్నమణి బైబిలు చంకలో పెట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగింది.

"ఏమయ్యా... అన్నం వండినావా?"

"నేనా? ఈడనే కూర్చున్నా."

"వాసన వస్తాంది."

అప్పుడు నాకూ తగిలింది. కొర్రన్నం ఉడికిన వాసన, దాంతో పాటు తడి పసుపు వాసన. ఇద్దరం లోపలికి వెళ్ళాం. వంటింట్లో పొయ్యి వెలిగి ఉంది. రత్నమణి బోర్లించి వెళ్ళిన కుండ ఇప్పుడు పొయ్యి మీద ఉంది, మూత అంచున ఆవిరి. నేల అలికి, తడి ఇంకా ఆరలేదు. పీట వేసి ఉంది. పీట ముందు కంచం, పక్కన చెంబుతో నీళ్ళు.

ఒక్క కంచం.

మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునే తింటాం, పెండ్లైన నాటి నుంచీ. మొగుడికి వడ్డించి పెండ్లాం నిలబడే పద్ధతి మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

రత్నమణి నా చేతిలోని ఫోటోను చూసింది. నా వేలు చూసింది.

"నీ వేలితో పెట్టినావా?" గుసగుసగా అడిగింది.

వేలు పిడికిట్లో దాచుకున్నాను. ఆమె గోడ గూట్లో వెతికింది, కుండల వెనక వెతికింది. పొయ్యి వైపు మాత్రం పోలేదు.

"నా కంచం యాడ?"

పెరటి తలుపు లోపలి గడియ వేసి ఉంది. తీసింది. అవతల, మెట్టు కింద, చీకట్లో ఆమె కంచం నేల మీద బోర్లించి ఉంది. దాని పక్కన ఆమె చాప చుట్టి పెట్టి ఉంది. దాని మీద ఆమె చీరలు రెండు, మడతపెట్టి.

నా వెనక, ఎవరూ లేని వంటింట్లో, గరిటె కుండకు తగిలింది. కంచంలో అన్నం పడుతున్న చప్పుడు... నిదానంగా, ఒకసారి... రెండోసారి...

రత్నమణి తన కంచం కోసం వంగింది. గడప దాటొద్దని చెప్పబోయాను. అప్పటికే ఆమె ఒక కాలు బయట పెట్టేసింది.